టెల్మిసార్టాన్‌ను వారం డబ్బాలో సర్దిపెట్టొచ్చా?

వేళచ్చేరి_కోడలు: మా అత్తయ్యగారికి బీపీకి టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 రాశారు. అరల డబ్బాలో వారానికి సరిపడా వేసి పెట్టొచ్చా?

మందులకొట్టు_టీనగర్: ఆమ్లోడిపిన్ సంగతెలా ఉన్నా టెల్మిసార్టాన్ మాత్రం విడిగా వద్దండీ. ఆ బిళ్ళ తేమను పీల్చుకుంటుంది. అందుకే రెండు వైపులా అల్యూమినియం రేకున్న షీటులో వస్తుంది. చెన్నై ఉక్కకు డబ్బాలో మెత్తబడి పొడి రాలుతుంది. షీటు కత్తిరించి, రేకు ముక్కతోనే అరలో పెట్టండి.

నర్సమ్మ_తాంబరం: కత్తిరించొద్దు. చూపు తగ్గిన పెద్దవాళ్ళు రేకుతో సహా మింగేస్తారు, ఆ మూలలు అన్నవాహికను చీరేస్తాయి. షీటు అలాగే ఉంచి, ఒక్కో బిళ్ళ పక్కన మార్కర్‌తో వారం పేరు రాయండి. వేసుకునేటప్పుడే రేకు చింపాలి.

మందులకొట్టు_టీనగర్: నిజమే, నర్సమ్మగారి పద్ధతే మేలు. ఇంకోటి: టెల్మా అనేది టెల్మిసార్టాన్ బ్రాండు పేరు, కానీ టెల్మా 40, టెల్మా హెచ్, టెల్మా ఏఎమ్ ఒకటి కావు. హెచ్‌లో నీరు తీసే మందు, ఏఎమ్‌లో ఆమ్లోడిపిన్ కలిసి ఉంటాయి. ఏఎమ్ ఇచ్చేస్తే మీ అత్తయ్యగారికి ఆమ్లోడిపిన్ రెండింతలవుతుంది. కొట్టు దగ్గరే షీటు వెనకున్న మందుల పేర్లు చీటీతో పోల్చి చూసుకోండి.

వేళచ్చేరి_కోడలు: ఒక పూట మరిచిపోతే? మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ కూడా అప్పుడప్పుడూ వేసుకుంటారు.

నర్సమ్మ_తాంబరం: ఆ రోజే గుర్తొస్తే వేసుకోవచ్చు. తర్వాతి వేళ దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి ఎప్పుడూ వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బీపీని పెంచుతాయి, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీలకు ముప్పు. డాక్టరుకు ఆ సంగతి చెప్పి తీరాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున టెల్మిసార్టాన్ ఆపాలా అని అప్పుడే ఫోన్ చేసి అడగండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ దెబ్బతినేది ఇలాగే.

మందులకొట్టు_టీనగర్: తక్కువ సోడియం ఉప్పు కూడా అడక్కుండా వాడొద్దు. అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, టెల్మిసార్టాన్ కూడా పొటాషియం పెంచేదే. మందు మొదలుపెట్టాక ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపేది), పొటాషియం రక్తపరీక్షలు రాశారో లేదో చూడండి.

వేళచ్చేరి_కోడలు: సాయంత్రానికి చీలమండలు వాస్తున్నాయి. అది?

నర్సమ్మ_తాంబరం: ఆమ్లోడిపిన్‌తో తరచూ చూస్తాం. సొంతంగా ఆపొద్దు, నీళ్ళ బిళ్ళ కొని వేయొద్దు. ఈ వాపుకు ఆ బిళ్ళ పెద్దగా పనిచేయదు. మోతాదు తగ్గించాలా, మార్చాలా డాక్టరు చెబుతారు. ఆయాసం ఉన్నా, ఒక కాలే వాచినా ఆ రోజే చూపించండి. పెదవులు, నాలుక వాస్తే మాత్రం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.