తాతయ్య గార్డు లాంతరును ఎక్కడ పెట్టాలి?

పర్లాకిమిడి మనవరాలు:
మా తాతయ్య నౌపడ–గుణుపురం బుల్లి రైలులో గార్డు. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల పట్టాల మీద 1900లో మొదలైన బండి అది. 1931 నాటికి గుణుపురం చేరింది, 2004లో ఆగిపోయింది. మొన్న అటక మీది నుంచి తాతయ్య పెట్టె దించాం. ఎరుపు, ఆకుపచ్చ అద్దాల చేతి లాంతరు, ఒక చిన్న నోటు పుస్తకం ఉన్నాయి. పుస్తకంలో ఒడియా మాటలను తెలుగు లిపిలో రాసుకున్నారు: ఆసంతు, బసంతు, టికె రహంతు. పక్కనే రండి, కూర్చోండి, కాస్త ఆగండి. అన్నీ మర్యాద మాటలే.

ఇలాంటివన్నీ ఒక గదిలో పెడదామని వీధిలో తెలుగువాళ్లం, ఒడియావాళ్లం కూర్చున్నాం. బోర్డు మీద ముందు ఏ భాష ఉండాలన్న దగ్గర మాట పెరిగింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అందులోకి ఎందుకు వెళ్లింది, ఏటి అవతలి పాతపట్నం మద్రాసులోనే ఎందుకు ఉండిపోయింది అన్న దాకా పోయింది. నేను పట్టుకెళ్లిన లాంతరు వైపు ఒక్కరూ చూడలేదు. చాలా బాధేసింది. ఇలాంటి పని చేసినవారు దారి చెప్పండి.

బరంపురం మగ్గం:
అమ్మా, మా ఊళ్లో ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి వస్తుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశి బెహెరా వీధికి వస్తుంది. దేశి బెహెరా అంటే తెలుగు మాట్లాడే దేరా నేతవారి కులపెద్ద. మొక్కులు తీర్చుకునేదీ, వేషాలు కట్టేదీ ఊరంతా. మా పట్టుచీర అంచున ఉండే గుడి శిఖరాల వరుసను ఫోడా అంటాం. ఆ పేరు ఒడియాది, నేసే చేతులు మావి. బోర్డు సంగతి పక్కన పెట్టి, ఒడియా ఇళ్లకు వెళ్లి వాళ్ల అటకల మీద ఏమున్నాయో అడగండి. ఎవరి వస్తువు గదిలో ఉంటుందో వాళ్లే ఆ గదిని కాపాడతారు.

పాతపట్నం నుంచి:
ముందు లాంతరు మాట. ఇత్తడి ఉంటే చింతపండుతో తోమకండి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. లోపల కిరోసిన్ ఉంటే వంపేయండి. వస్తువు ఇచ్చినవారి పేరు, ఇచ్చేశారా లేక చూపడానికి మాత్రమేనా అన్నది కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి.

ఇక అసలు మాట. రెండు భాషలంటున్నారు, ఆ బండి ఎక్కిన సవర గిరిజనులు ఏమయ్యారు? గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లోనే ఉండి సవర నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడి పెట్టారు. ఆ ఊళ్లో గది పెడుతూ వాళ్లను పిలవకపోవడం తప్పు.

పర్లాకిమిడి మనవరాలు:
మీ ఇద్దరికీ నమస్కారాలు. పుస్తకం చివరి రెండు పేజీల్లోని మాటలు ఒడియా కావని పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) అప్పుడే చెప్పింది, నేను పట్టించుకోలేదు. ఈ వారం గుణుపురం వెళ్తున్నాను. సంతకు వచ్చే సవర పెద్దలకు ఆ పేజీలు చదివి వినిపిస్తాను. మావుసీ కూడా వస్తానంది.