గోర్ని దబ్నిక్ వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కాస్త సాయం కావాలి

నమస్తే అండీ. మా తమ్ముడు బల్గేరియాలో ప్లెవెన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు, అక్టోబర్‌లో వాడి దగ్గరికి వెళ్తున్నా. అక్కడికి పడమరగా గోర్ని దబ్నిక్ అనే ఊరుంది, 1877 అక్టోబర్ 24న రష్యా సైన్యం, ఒట్టోమాన్ (టర్కీ) సైన్యం అక్కడే తలపడ్డాయి. ప్లెవెన్‌లో ఉన్న ఒట్టోమాన్ సేనాపతి ఉస్మాన్ పాషాకి సోఫియా రోడ్డు మీదుగా తిండీ మందుగుండూ వస్తుంటే, ఆ దారి మూసేయడానికి రష్యా జనరల్ గుర్కో ఈ ఊరి దగ్గర మట్టికోట మీద దాడి చేయించాడు.

నన్ను పట్టుకున్నది ఆ రోజు సాయంత్రం సంగతి. పొద్దున్నుంచీ బయలు మైదానంలో వరసలుగా వెళ్ళిన రష్యా సైనికులు తుపాకీ గుళ్ళకి కూలిపోతుంటే, మిగిలినవాళ్ళు నలుగురైదుగురుగా పాక్కుంటూ వెళ్ళి కందకంలో చేరి, చీకటి పడే వేళకి కోట పట్టారు. ఒక్క రోజులో రష్యా వైపే చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి మూడు వేలకు పైనే, తలుచుకుంటేనే మనసు పాడవుతుంది. అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉన్న ఫిన్లాండ్ కుర్రాళ్ళు కూడా ఆ వైపున అక్కడ పోరాడారు.

ఇంతకీ నాకు కావాల్సింది: ప్లెవెన్ నుంచి బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చా, లేక టాక్సీయే మేలా? ఈ పోరులో రష్యా వైపున పోరాడిన జనరల్ లావ్రోవ్ పేరున్న పార్కులో ఆ మట్టికోట ఆనవాళ్ళు ఇంకా కనిపిస్తాయా? అప్పట్లో రష్యాలో వాడిన పాత (జూలియన్) క్యాలెండర్‌లో ఆ తేదీ అక్టోబర్ 12 కదా, మరి అక్కడివాళ్ళు ఏ రోజున నివాళి పెడతారు? ఒట్టోమాన్ సైనికుల కోసం కూడా ఏదైనా గుర్తు ఉంటే తప్పకుండా చెప్పండి, వాళ్ళకీ దణ్ణం పెట్టుకుని రావాలని ఉంది.