రెండో నోడ్ లేకుండా పేస్‌మేకర్ క్లస్టర్‌కు కోరమ్ ఎలా ఇప్పించాలి?

నమస్కారం. మా కార్యాలయంలో కోరోసింక్, పేస్‌మేకర్‌లతో (సర్వర్లను జట్టుగా నడిపే సాఫ్ట్‌వేర్లు) నడిచే రెండు నోడ్ల (సర్వర్ల) క్లస్టర్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. నిన్న రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేయడంతో రెండు సర్వర్లూ ఆగిపోయాయి. మొదటిది మామూలుగానే లేచింది గానీ, రెండోదాని మదర్‌బోర్డు కాలిపోయింది. ఇప్పుడు మొదటి నోడ్‌లో కోరోసింక్, పేస్‌మేకర్ రెండూ నడుస్తున్నా, స్టేటస్ అడిగితే కోరమ్ (పని మొదలుపెట్టడానికి కావలసిన నోడ్ల మద్దతు) లేదని చెబుతూ, వర్చువల్ ఐపీ (క్లస్టర్ ఉమ్మడి చిరునామా) మొదలుకొని డేటాబేస్ దాకా అన్నిటినీ ‘స్టాప్డ్’ అనే చూపిస్తోంది.

కాన్ఫిగరేషన్‌లో టూ-నోడ్ విలువ 1 గా ఉంది. దానివల్ల వెయిట్-ఫర్-ఆల్ దానంతటదే అమల్లోకి వస్తుందనీ, కాబట్టి పూర్తిగా ఆగి లేచిన క్లస్టర్ రెండు నోడ్లూ ఒక్కసారైనా ఒకదానికొకటి కనిపించేదాకా కోరమ్ ఇవ్వదనీ నాకు అర్థమైంది. స్ప్లిట్ బ్రెయిన్ (రెండు నోడ్లూ ఒకదానికొకటి తెలియకుండా విడివిడిగా డేటాబేస్‌ను నడిపే స్థితి) రాకుండా అది సబబైన జాగ్రత్తే. కానీ కొత్త బోర్డు వచ్చేదాకా డేటాబేస్‌ను ఆపి ఉంచలేం.

రెండో సర్వర్ పవర్ కేబుళ్లు పీకేసే ఉన్నాయి గనుక, పీసీఎస్‌లోని (క్లస్టర్‌కు ఆదేశాలిచ్చే పనిముట్టు) ‘కోరమ్ అన్‌బ్లాక్’ (ఆ ఎదురుచూపు మానమనే) ఆదేశం ఇవ్వడం క్షేమమేనా? దాని ఐపీఎంఐ (దూరం నుంచి సర్వర్ పవర్‌ను అదుపుచేసే ఏర్పాటు) కూడా పలకడం లేదు. ఫెన్సింగ్ (పలకని నోడ్‌ను బలవంతంగా ఆపేయడం) అక్కడే విఫలమై రిసోర్సులు మళ్లీ నిలిచిపోతే, ‘స్టోనిత్ కన్ఫర్మ్’ తో ఆ నోడ్ ఆగి ఉందని మనమే ధ్రువీకరించవచ్చా? ఆగే ముందు ప్రైమరీ (మార్పులు నమోదు చేసే ప్రధాన డేటాబేస్) ఈ మొదటి నోడే. ఇలాంటి స్థితిని చక్కదిద్దినవారు ఏ ఆదేశం ముందు, ఏది తరువాత ఇవ్వాలో దయచేసి తెలియజేయగలరు.