ఎరువు లెక్క టూల్‌కి "2.20 ఎకరాలు" అని వెళ్తోంది, డిస్క్రిప్షన్ ఎలా రాయాలి?

మధిరరోడ్డు:
మా రైతు ఉత్పత్తిదారుల సంఘం కోసం వాట్సాప్‌లో జవాబులిచ్చే ఏజెంట్ ఒకటి తయారుచేస్తున్నానండి. సభ్యులు మధిర వైపు కొందరు, నందిగామ వైపు కొందరు. దాని వెనకున్న ఏఐ మోడల్‌కి నాలుగు టూల్స్ (అవసరాన్ని బట్టి అది పిలుచుకునే చిన్న ప్రోగ్రాములు) ఇచ్చాను: మార్కెట్ ధర, ధరల వివరాలు, ఎరువు లెక్క, సభ్యులకు మెసేజ్. విడిగా నడిపితే అన్నీ బాగానే పనిచేస్తున్నాయి, ఏజెంట్ చేతికిచ్చాకే తేడా వస్తోంది. "తేజ ఎంత పలుకుతోంది" అని ఆ మిర్చి రకం ధర అడిగితే ఒకసారి మొదటి టూల్‌ని, ఇంకోసారి రెండో టూల్‌ని పిలుస్తోంది. "2.20 పొలానికి యూరియా ఎంత" అంటే 2.2 ఎకరాలకి లెక్కగడుతోంది. మధిర రైతుకి అది రెండున్నర ఎకరాలు కదా! ఇప్పుడున్న డిస్క్రిప్షన్లు ఇవి: "మార్కెట్ ధర ఇస్తుంది", "ధరల వివరాలు ఇస్తుంది", "విస్తీర్ణాన్ని బట్టి ఎరువు లెక్కిస్తుంది". ఇంకా పెద్ద మోడల్‌కి మారితే సర్దుకుంటుందా?

యార్డుగేటు:
మోడల్ జోలికి పోకండి. దానికి మీ కోడ్ కనిపించదు. టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఇన్‌పుట్ స్కీమా (ఏ గడిలో ఎలాంటి విలువ రావాలో చెప్పే పట్టీ), ఈ మూడే దానికి తెలిసేవి. "ధర ఇస్తుంది", "ధరల వివరాలు ఇస్తుంది" అని పక్కపక్కన పెడితే ఏది పిలవాలో నేనైనా చెప్పలేను. మిర్చి కొనుగోలు లెక్కల సాఫ్ట్‌వేర్ మీద చాలాకాలం పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను: యార్డులో అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ కాగితం మీద పెట్టని విషయాలే డిస్క్రిప్షన్‌లోకి రావాలి.

ముందు 2.20 సంగతి. తెలంగాణలో చుక్క తర్వాత వచ్చేది గుంటలు, ఎకరానికి 40. ఆంధ్రాలో సెంట్లు, ఎకరానికి 100. అంటే అదే 2.20 మధిరలో 2.5 ఎకరాలు, నందిగామలో 2.2. ఎకరానికి రెండు బస్తాల చొప్పున వేసుకున్నా అక్కడ 5 బస్తాలు, ఇక్కడ నాలుగున్నరకి లోపే. పైగా మీ స్కీమాలో విస్తీర్ణం నంబర్‌గా పెట్టి ఉంటారు. టూల్‌కి విలువలు వెళ్లే జేసన్ ఫార్మాట్‌లో 2.20కీ 2.2కీ తేడా లేదు, ఆ సున్నా దారిలోనే పోతుంది. అందుకని ఒకే గడి వద్దు. ఎకరాలు ఒకటి, మిగతాది ఒకటి, అది గుంటలా సెంట్లా అన్నది ఇంకొకటి. ఈ మూడోది రెండు విలువల ఈనమ్‌గా (ఇచ్చినవాటిలో ఒకటే ఎంచుకోవాల్సిన గడిగా) పెట్టి, తప్పనిసరి చేయండి. డిస్క్రిప్షన్ నేనైతే ఇలా రాస్తాను:

"పంటకి వేయాల్సిన ఎరువుని కిలోల్లో లెక్కిస్తుంది, బస్తాల్లో కాదు. రైతు 2.20 అని రాస్తే చుక్క తర్వాతది గుంటలో సెంట్లో తేలాకే పిలవాలి. ఊరిని బట్టి తెలియకపోతే రైతునే అడగాలి, ఊహించకూడదు. గుంటలు 0 నుంచి 39 వరకే ఉంటాయి."

కిలోలు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50. బస్తాల లెక్క మోడల్‌కి వదిలేస్తే అన్నిటికీ 50తో భాగించే ప్రమాదం ఉంది. అది మీ కోడ్‌లోనే చేసి, రెండూ పంపితే ఇంకా మంచిది.

ఇక ధరలు. రెండు టూల్స్‌కీ ఒకదాని గురించి ఇంకోదాంట్లో రాయండి. మొదటిదాంట్లో: "ఒక మార్కెట్‌లో ఒక రకానికి తాజాగా పలికిన ధర, క్వింటాలుకి రూపాయల్లో. గడిచిన వారాల ధరలు కావాలంటే ఇది వాడొద్దు, పాత ధరల టూల్ వాడాలి." రెండోదాంట్లో దీనికి తిరగేసి. "ధరల వివరాలు" అన్న పేరు కూడా మార్చేయండి, ఆ పేరుతో ఏదైనా ఇమిడిపోతుంది. తేజకీ తేజ తాలుకీ (రంగు పోయిన నాసిరకం కాయ) ధర ఎక్కడా పొంతన ఉండదు కాబట్టి గ్రేడ్‌కి విడిగా గడి పెట్టండి.

చివరిగా ఒకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. గుంటూరు యార్డుకి శని, ఆదివారాలు సెలవు. ఆరోజు మీ టూల్ ఖాళీ జాబితా ఇస్తే మోడల్ ఏమనుకోవాలి? "ఈరోజు యార్డు సెలవు, చివరి ధర శుక్రవారానిది" అని టూలే చెప్పాలి. రైతు ఆ జవాబు చూసుకునే బండి కట్టించుకుని బయల్దేరతాడు.

లాగ్‌బుక్:
డిస్క్రిప్షన్లు తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా?

యార్డుగేటు:
రెండూ పనిచేస్తాయి. చాలా మోడళ్లలో తెలుగు లిపికి టోకెన్లు (మోడల్ చదివే ముక్కలు, ఖర్చు వీటి లెక్కనే) ఎక్కువ పడతాయి, పైగా డిస్క్రిప్షన్లు ప్రతి రిక్వెస్ట్‌తోనూ వెళ్తాయి, కాబట్టి వాక్యాలు ఇంగ్లిష్‌లో ఉన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ తాలు, టిక్కీ (మిర్చి బస్తా), గుంట, సెంటు లాంటివి రైతు టైపు చేసినట్టే అందులో ఉండాలి.

నైట్‌డెప్లాయ్:
ఆ మెసేజ్ టూల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మిగతా మూడూ చదివేవే, అది ఒక్కటే బయటికి పంపేది. ఎంసీపీ (మోడళ్లకి టూల్స్ కలిపే ఉమ్మడి పద్ధతి) సర్వర్‌గా పెట్టి ఉంటే రీడ్ ఓన్లీ (చదవడమే), డిస్ట్రక్టివ్ (ఉన్నదాన్ని చెరిపే లేదా మార్చే అవకాశం ఉంది) అన్న హింట్లు ఇవ్వొచ్చు, అయితే అవి హింట్లే, అడ్డుకోవు. "పంపేముందు ఆఫీసులో అనుమతి తీసుకోవాలి" అని డిస్క్రిప్షన్‌లో రాయండి, ఆ అనుమతి లేకుండా పోకుండా కోడ్‌లోనూ ఆపండి.

మధిరరోడ్డు:
యార్డుగేటు గారూ, చాలా థ్యాంక్సండీ. గడులు విడగొట్టి, ధరల టూల్స్ రెండూ మీరు చెప్పినట్టే తిరగరాశాను. ఒక రైతు "2.45" అని పంపితే మోడల్ 45 గుంటలని పంపింది. టూల్ "గుంటలు 39కి మించవు, సెంట్లేమో రైతుని అడగండి" అని తిప్పికొట్టింది. మోడల్ అడిగింది, ఆయన నందిగామ వైపు వారే. ధరలు కూడా సరైన టూల్‌కే వెళ్తున్నాయి. కానీ "పోయిన శుక్రవారం ధర ఎంత" అంటే మళ్లీ తడబడుతోంది.

యార్డుగేటు:
ఈరోజు ఏ తేదీయో మోడల్‌కి దానంతట తెలియదండి. సిస్టమ్ ప్రాంప్ట్‌లో (మోడల్‌కి ముందుగా ఇచ్చే సూచనల్లో) తేదీ, వారం రెండూ ఇవ్వండి. పాత ధరల టూల్‌లో తేదీ ఏ వరసలో కావాలో ఒక ఉదాహరణతో రాయండి, 03-04 అంటే మార్చి అనుకోవచ్చు, ఏప్రిల్ అనుకోవచ్చు. ఇది మార్చాక రైతులు నిజంగా అడిగిన పాత ప్రశ్నలన్నీ మళ్లీ నడిపి, దేనికి ఏ టూల్ పిలిచిందో, ఏ విలువలు పంపిందో చూడండి. ఒక డిస్క్రిప్షన్ మారిస్తే పక్క టూల్‌కి వెళ్లాల్సినవి ఇటు వచ్చేస్తుంటాయి. ముఖ్యంగా తాలు ప్రశ్నలు చూసి, ఎలా వచ్చాయో ఇక్కడ పెట్టండి.