ఎల్‌ఎల్‌.ఎం. దరఖాస్తు: యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్ట్ నేరుగా పంపనంటోంది, ఏం చేయాలి?

అమెరికాలో ఎల్‌ఎల్‌.ఎం.కి (లాలో మాస్టర్స్) ఎల్‌ఎస్‌ఏసీ (లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్, అభ్యర్థుల కాగితాలు తీసుకుని లా స్కూళ్ళకి పంపే సంస్థ) ద్వారా అప్లై చేస్తున్నాను. నాది బీకాం తర్వాత మూడేళ్ళ ఎల్‌ఎల్‌.బి., రెండూ వేర్వేరు యూనివర్సిటీలు. ఎల్‌ఎస్‌ఏసీకి రెండింటి ట్రాన్‌స్క్రిప్టులూ (కోర్సు మొత్తం మార్కుల అధికారిక పత్రాలు) కావాలి, అవీ యూనివర్సిటీ నుంచే నేరుగా చేరాలి. ఎల్‌ఎల్‌.బి.ది సెప్టెంబరులోనే చేరింది. చిక్కంతా బీకాందే.

తెలంగాణలోని ఆ యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచి వాళ్ళు ఫీజు కట్టించుకుని, సీలు వేసిన కవరు నా చేతికే ఇస్తామంటున్నారు. విదేశాలకి పోస్టు చేసే పద్ధతి లేదట. కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంటానన్నా వినలేదు. అఫీషియల్ ఈమెయిల్ నుంచి పంపమంటే ఆ సెక్షన్‌కి ఈమెయిలే లేదన్నారు (ఫీజు మాత్రం ఆన్‌లైన్‌లోనే కట్టాలి!). కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టాను, ట్రాన్‌స్క్రిప్ట్ రిక్వెస్ట్ ఫారం కూడా జతచేశాను. అక్టోబరు నుంచి జవాబు లేదు.

పేరు తేడా వల్ల ఆగిందేమో అని మీరనుకోవచ్చు. బీకాం మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్న మాట నిజమే కానీ, ఎల్‌ఎల్‌.బి. మెమోలోనూ అంతే, దానికి ఇబ్బంది రాలేదు. కన్సల్టెన్సీ పేర్లు మాత్రం చెప్పకండి, వాళ్ళకి ఎం.ఎస్. దరఖాస్తులు తప్ప ఇవి తెలియవు.

నేను అప్లై చేసే స్కూళ్ళలో మొదటి గడువు జనవరి 15. ఎల్‌ఎస్‌ఏసీకి కాగితాలు అందాక పరిశీలనకీ టైము పడుతుంది.

ఇలా కవరు చేతికే ఇచ్చే యూనివర్సిటీ నుంచి ఎవరైనా ట్రాన్‌స్క్రిప్ట్‌ని ఎల్‌ఎస్‌ఏసీకి నేరుగా పంపించగలిగారా, ఏ అధికారిని పట్టుకుని, ఎలా?