సూసన్‌కు కాస్పియన్‌తో పెళ్లి కుదురుతుందా?

ప్రశ్న (మారతహళ్లి)
చర్చ్ స్ట్రీట్‌లో సి. ఎస్. లూయిస్ రాసిన నార్నియా అనే మాయాలోకపు కథల ఏడు పుస్తకాలూ పాతవి కొని, రోజూ రాత్రి మా అమ్మాయికి తెలుగులో చెబుతూ వచ్చాను. చివరిది పూర్తయ్యాక ఇద్దరికీ ఒళ్లు మండింది. రైలు ప్రమాదంలో ఇంటిల్లిపాదీ పోతే, చిన్నప్పుడు తోబుట్టువులతో నార్నియాకు వెళ్లివచ్చిన సూసన్ ఒక్కతే మిగులుతుంది. ఆమెకు మేజోళ్లు, లిప్‌స్టిక్కు, విందు పిలుపులు తప్ప ఏవీ పట్టవని తోటివాళ్లే తీసిపారేస్తారు! అందుకే తరువాతి కథ నేనే రాస్తున్నాను. పెద్దదైన సూసన్‌ను నార్నియా రాజు కాస్పియన్‌కు ఇచ్చి పెళ్లి చేశాను. మూలంలో లేని జంటను కలపవచ్చా? నెట్‌లో పెడితే హక్కుల పేచీ వస్తుందా?

జవాబు (జయనగర్)
నిస్సంకోచంగా కలపండి. వ్యాసభారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర ఒక్కతే. శశిరేఖను తెచ్చింది తరువాతి కథకులు, మనం విస్తరి వేసి మరీ కూర్చోబెట్టాం.

చిక్కు వేరే చోట ఉందండీ. సూసన్, కాస్పియన్‌ల ప్రేమ 2008 సినిమాలోది. పుస్తకంలో అప్పటికి ఆమె బడిపిల్ల, అలాంటి ఊసే లేదు. పైగా నార్నియాలో కాలం వేరు. సూసన్ బంధువు యూస్టస్‌కు ఇక్కడ కొన్ని నెలలు గడిచేసరికి అక్కడ కాస్పియన్ తల నెరిసి, కన్నుమూస్తాడు. మీ సూసన్ పెద్దదయ్యేనాటికి వరుడేడీ?

హక్కుల మాట. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. లూయిస్ పోయింది 1963లో, కాబట్టి 2024 జనవరి 1 నుంచి ఇక్కడ ఆ పుస్తకాలకు అడ్డు లేదు. బ్రిటన్‌లో 2033 చివరి దాకా ఉంది. సినిమాకూ, ఆ పుస్తకాలకు పాలీన్ బేన్స్ గీసిన బొమ్మలకూ ఇది వర్తించదు. బొమ్మలు స్కాన్ చేసి అట్టమీద వేయకండి.

ప్రశ్నించినవారు
అయ్యో, పెళ్లిపందిరి దాకా వచ్చి ఆగాను! పద్నాలుగు పేజీలు వృథా.

జవాబు (బసవనగుడి)
అసలు పెళ్లి ఎందుకమ్మా? ఆ పుస్తకాల్లో నాకు నచ్చిన జంట షాస్తా, అరవిస్. పోట్లాడుకోవడం, రాజీపడటం అలవాటై, అది సుఖంగా సాగించుకోవడానికే పెళ్లాడారు. అటువంటిది కుదిరితే సరే. లేదంటే ఇక్కడ మొదలుపెట్టి చూడండి: ప్రమాదం రోజు సూసన్ సోదరులు పీటర్, ఎడ్మండ్ పాత ఇంటి పెరట్లో తవ్వి తీసిన, వేరే లోకాలకు తీసుకెళ్లే మాయా ఉంగరాలతో స్టేషన్‌లో ఉన్నారు. చనిపోయినవాళ్ల వస్తువులు ఎవరికి అప్పగిస్తారు? సూసన్‌కే కదా. కవరు విప్పితే వాచీ, చిల్లర, పసుపు ఉంగరం.

ప్రశ్నించినవారు
పసుపు ఉంగరం ముట్టుకుంటే మాయమవుతారు కదండీ! కవరులో పెట్టిన కానిస్టేబులు ఏమైనట్టు?

జవాబు (బసవనగుడి)
చేతికి తొడుగులు వేయండి. ఆ ఉంగరాలు తయారుచేసిన, డిగరీ అనే కుర్రాడి మేనమామ చేసిందీ అదే. తొడుగులు మరచిన కానిస్టేబులైతే మీ అమ్మాయికి ఇంకా నచ్చుతాడేమో, అడిగి చూడండి.