సల్సాలో 1 ఏదో, 5 ఏదో చెవితో ఎలా కనిపెట్టాలి?

గచ్చిబౌలిలో మూడు నెలలుగా సల్సా డాన్స్ నేర్చుకుంటున్నాను, వారానికి రెండు క్లాసులు. ఆన్ వన్ పద్ధతి, అంటే ఎనిమిది బీట్ల లెక్కలో 1 మీద మొదలుపెట్టడం: 1-2-3 అడుగులు, 4కి ఆగడం, 5-6-7, మళ్ళీ 8కి ఆగడం. మాస్టారు పైకి లెక్క చెబుతుంటే నిమిషానికి 150 బీట్ల పాటకి బాగానే వేస్తాను. శనివారం సోషల్‌లో (అందరూ కలిసి డాన్స్ చేసే పార్టీ) 190 దాటిన పాట పడితే అర నిమిషంలోనే తప్పిపోతున్నాను. లయ తప్పడం కాదు, 1 అనుకుని 5 మీద మొదలుపెడుతున్నాను. ప్రోగ్రామర్ని కాబట్టి లెక్క ఒకటి తేడా రావడం అలవాటే, ఇక్కడ ఏకంగా నాలుగు!

రోజూ 15 నిమిషాలు మెట్రోనోమ్‌తో వేశాను. దానికి 1, 5 ఒకటేగా, లాభం లేదు. తర్వాత కాంగా (చేతులతో వాయించే పొడుగాటి డ్రమ్ము) విన్నాను. 4, 8 మీద పడే తెరిచిన (బాగా మోగే) దెబ్బలు తెలుస్తున్నాయి, కానీ అవీ రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. క్లావే (రెండు కర్రలతో కొట్టే ఐదు దెబ్బల లయ) వినమన్నారు. ముందు రెండు, తర్వాత మూడు దెబ్బలు పడే 2-3కీ, దాన్ని తిరగేసిన 3-2కీ తేడా నా చెవికి ఇంకా అందట్లేదు.

వచ్చే నెల కాన్ఫరెన్స్‌కి బెంగళూరు వెళ్తున్నాను. నాలుగు రాత్రులు హోటల్ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కడినే సాధన చేయాలి, జోడీ ఉండరు.

పాట మధ్యలో తప్పిపోయినప్పుడు 5 కాకుండా సరిగ్గా 1నే పట్టుకోవడానికి మీరు ఏ వాయిద్యాన్ని లేదా పాటలో ఏ గుర్తుని వింటారు?